ఇల్లు బాగుంది, బండి ఎక్కడ పెట్టాలి?

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి. ఈ ఊర్లో ఇల్లు కొనాలని చూస్తున్నవాళ్ళు మాత్రం తీరిక చేసుకునైనా చదవండి.

మా ఇంట్లో రెండు నెలలుగా ఒకటే మాట. రాబర్ట్‌సన్‌పేటలో ఒక ఇల్లు చూశాం. రెండు గదులు, నడవ, వంటిల్లు, వెనక చిన్న పెరడు, పెరట్లో కరివేపాకు చెట్టు. గోడలు గట్టివి. పత్రాలు బాగున్నాయి. ఎం.జి. మార్కెట్టుకు నడిచిపోవచ్చు. లోపం ఒక్కటే: ఇల్లు సందులో ఉంది. కారు సందు మొదట్లోనే ఆగిపోతుంది. ఇంకో ఇల్లు ఊరి బయట కొత్త లేఅవుట్లో ఉంది. ముందర ముప్ఫై అడుగుల రోడ్డు, గేటు తీస్తే కారు నేరుగా లోపలికి వస్తుంది. దాని ధర ఎనిమిది లక్షలు ఎక్కువ.

బెంగళూరులో పనిచేసే మా అబ్బాయికి కారు ఉంది. వారం వారం వస్తాడు. వాడు లేఅవుట్ ఇల్లే కావాలన్నాడు. మా అమ్మకు ఎనభై దాటింది, మోకాళ్ళ నొప్పులు. ఆమె ఒకటే అనింది: "కారు వారానికి ఒక దినం వస్తాది. నేను ఏడు దినాలూ ఈడనే ఉండాల." ఈ రెండు మాటల్లో ఏదీ కొట్టిపారేసేది కాదు. అందుకే కూర్చుని ఒక్కొక్కటే తూకం వేశాం. ఆ తూకమే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన ఊరి సంగతి. కె.జి.ఎఫ్.లో కారుకు చోటు లేకపోవడం ఎవరో చేసిన తప్పు కాదు. ఈ ఊరు కట్టింది కాలినడక మనుషుల కోసం. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనులు చేపట్టినప్పటి నుంచి కూలీల కోసం లైన్లు లేచాయి. షాఫ్టుకు నడిచిపోయేంత దూరంలో, గోడకు గోడ ఆనుకుని, ఎదురెదురు వరసలు. మన పెద్దవాళ్ళు చిత్తూరు వైపు నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చి ఆ లైన్లలోనే పిల్లల్ని పెంచారు. దొరల బంగళాలకు మాత్రం కాంపౌండు, తోట, బండి షెడ్డు అన్నీ ఉండేవి. కాబట్టి ఈ ఊర్లో పార్కింగ్ తేడా నిన్నటిది కాదు, నూరేళ్ళు దాటినది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెప్పించుకున్న ఊరు మనది. కూలివాడి ఇంటి ముందు బండి ఆగే రోజు వస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

మైసూరు రెసిడెంటు డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేరు మీద వచ్చిన రాబర్ట్‌సన్‌పేట అయితే గీత గీసినట్టు వీధులు వేసి కట్టిన పేట. మెయిన్ రోడ్లు, క్రాసులు చక్కగా ఉంటాయి. ఆ తరవాత పెద్ద సైట్లను అన్నదమ్ములు పంచుకున్నారు. ముందు భాగం పెద్దవాడికి, వెనక భాగం చిన్నవాడికి, మధ్యలో వెనక ఇంటికి పోవడానికి ఒక సందు. మేము చూసిన ఇల్లు అలాంటి వెనక భాగమే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక ఊరు రైలు మీద బతికింది. మారికుప్పం నుంచి బంగారుపేట మీదుగా బెంగళూరు పోయే రైళ్ళలో తెల్లవారకముందే ఎక్కి, రాత్రికి దిగే మనవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. రైలుకు పార్కింగ్ అక్కర్లేదు. ఇప్పుడు బేతమంగళ దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. పిల్లలు కార్లలో వస్తున్నారు. శనివారం సాయంత్రం క్రాసుల్లోకి పోయి చూడండి, రెండు వైపులా కార్లే. ఊరు పాతదే, సందులు పాతవే, కార్లు మాత్రం కొత్తవి.

ఇక లెక్కలు. మొదటిది కొలత. కంటితో చూసి "పడుతుందిలే" అనుకోకూడదు. టేపు తీసుకుని పోయాం. సందు మొదట్లో ఏడడుగులు. మధ్యలో ఒక ఇంటి మెట్టు ముందుకు వచ్చింది, అక్కడ ఆరున్నర. వ్యాగన్‌ఆర్ వెడల్పు 1620 మిల్లీమీటర్లు, అంటే దగ్గర దగ్గర ఐదడుగుల నాలుగంగుళాలు, అద్దాలు కాక. స్విఫ్ట్ 1735. ఇన్నోవా క్రిస్టా 1830, అంటే ఆరడుగులు. కాగితం మీద చిన్న కారు దూరుతుంది. దూరాక తలుపు ఎలా తీస్తారు? లోపల తిప్పుకునే చోటు లేదు, బయటికి రివర్సులోనే రావాలి. దూరడం వేరు, నిలపడం వేరు. కాబట్టి కారు సందులోకి రాదు అనే లెక్క పెట్టుకున్నాం. స్కూటరు మాత్రం నడవ వరకూ వస్తుంది.

రెండోది డబ్బు. తేడా ఎనిమిది లక్షలు. బ్యాంకులో వేస్తే ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 52,000. మెయిన్ రోడ్డు మీద ఒక షెడ్డు అడిగాం, నెలకు 1,200 అన్నారు. ఏడాదికి 14,400. రేపు అద్దె రెట్టింపైనా 28,800. డబ్బు ఒక్కటే చూస్తే సందు ఇల్లే లాభం.

అయితే మా అబ్బాయి ఒక మంచి మాట అడిగాడు: "నాయనా, పార్కింగ్ లేదని ఇప్పుడు మనం ధర తగ్గించి అడుగుతున్నాం. రేపు మనం అమ్మితే వచ్చేవాడు కూడా అదే అడుగుతాడు కదా?" నిజమే. తక్కువకు దొరికిన ఇల్లు తక్కువకే అమ్ముడుపోతుంది. ఎక్స్‌ప్రెస్‌వే వల్ల కార్లు పెరిగేకొద్దీ ఆ తగ్గింపు ఇంకా పెరగవచ్చు కూడా. కాబట్టి పార్కింగ్ లేని ఇంటి చౌక ధర చేతికొచ్చే లాభం కాదు, అక్కడ చాలా ఏళ్ళు ఉండేవాళ్ళకు మాత్రమే కలిసొచ్చే లాభం. ఐదేళ్ళలో అమ్మేసే ఆలోచన ఉన్నవాళ్ళు సందు ఇల్లు కొనకపోవడమే మంచిది. మేము అమ్మడానికి కొనడం లేదు.

మూడోది వీధి. "మెయిన్ రోడ్డు మీద ఎవరింటి ముందో పెట్టుకుంటే పోతుంది, షెడ్డు ఎందుకు?" అని ఒక బంధువు అన్నాడు. ఇక్కడే ఊర్లో సగం గొడవలు పుడతాయి. ఇంటి ముందు రోడ్డు ఇంటివాళ్ళది కాదు, ప్రజలది. రాళ్ళు పెట్టినా, పూలకుండీలు పెట్టినా అది మన సొంతం అయిపోదు. అలాగని ఇంకొకరి గడపకు అడ్డంగా రాత్రంతా కారు పెట్టే హక్కు మనకూ లేదు. దారికి అడ్డంగా, ప్రమాదకరంగా బండి వదిలేస్తే 1988 మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు, బండి తీయించేసే అధికారం పోలీసులకు ఉంది. చట్టం సంగతి అలా ఉంచండి. నాకు తెలిసిన రెండు కుటుంబాలు కారు విషయంలోనే మాటలు మానేశాయి, ఒకరి పెళ్ళికి ఒకరు పోలేదు. కారు ఐదేళ్ళకు మారుతుంది, పక్కింటివాళ్ళు మారరు.

జపానులో దీనికి ఒక పద్ధతి ఉంది. 1962లో చేసిన చట్టం ప్రకారం, కారు కొనేవాడు దాన్ని నిలిపే చోటు తనకు ఉందని ముందే చూపించాలి, పోలీసుల నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ చోటు ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల లోపల ఉండాలి. ఇంటి ముందే ఉండాలని వాళ్ళు అనలేదు, చూడండి. ఎక్కడో ఒక చోట సొంతంగా ఉండాలన్నారు. అమెరికాలో డొనాల్డ్ షూప్ అని ఒక ప్రొఫెసరు ఉండేవాడు, పార్కింగ్ మీదే జీవితమంతా పనిచేశాడు. కారు తన ఆయుష్షులో 95 శాతం నిలిచే ఉంటుందని, ఊరికే దొరికే పార్కింగ్‌కు కూడా ఎవరో ఒకరు డబ్బు కడుతూనే ఉంటారని ఆయన లెక్క. నెలకు 1,200 ఇవ్వడానికి బాధపడేవాళ్ళు, ఎనిమిది లక్షలు ఎక్కువ పెట్టి కొనే పోర్టికో కూడా పార్కింగ్ అద్దేనని గుర్తు పెట్టుకోవాలి.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది. అంబులెన్సు. దాని వెడల్పు ఆరడుగుల పైనే ఉంటుంది, ఆ సందులోకి రాదు. 108కు ఫోను చేస్తే సందు మొదట్లో ఆగుతుంది. అక్కడి నుంచి ఇంటికి నూట ఇరవై అడుగులు వేయాలి, నా అడుగులతో. ఒకప్పుడు బి.జి.ఎం.ఎల్. ఆసుపత్రి మనకు చేతికందే దూరంలో ఉండేది. ఇప్పుడు అదీ లేదు, పెద్ద జబ్బు అంటే కోలారుకో బెంగళూరుకో పరిగెత్తాలి. ఈ విషయం మాటలతో తేలేది కాదని ఒక ఆదివారం ఇంటివాళ్ళను అడిగి ఒక పని చేశాం. చేతులున్న కుర్చీలో అమ్మను కూర్చోబెట్టి, నేను ఒక పక్క, అబ్బాయి ఒక పక్క పట్టుకుని ఇంటి నడవ నుంచి మెయిన్ రోడ్డు దాకా మోశాం. మధ్యలో రెండుసార్లు దించాం. నాలుగు నిమిషాలు పట్టింది. మెట్టు ముందుకొచ్చిన చోట పక్కకు తిరగాల్సి వచ్చింది. సందులోని ఆడవాళ్ళు అందరూ బయటికొచ్చారు. అమ్మ కుర్చీలో నుంచే వాళ్ళను పలకరించి, ఎవరి కోడలు ఎవరో కనుక్కుంది.

ఆ నాలుగు నిమిషాలే మా నిర్ణయాన్ని తేల్చాయి, అయితే అబ్బాయి అనుకున్న వైపు కాదు. లేఅవుట్లో అంబులెన్సు గేటు దాకా వస్తుంది, నిజమే. దాన్ని పిలిచేది ఎవరు? అక్కడ ఇరుపక్కలా ఖాళీ సైట్లు. నేను బ్యాంకు పని మీద పోయి, మా ఆవిడ మార్కెట్టుకు పోయి ఉంటే, అమ్మ స్నానాల గదిలో జారి పడితే ఎంతసేపటికి ఎవరికి తెలుస్తుంది? సందులో ఎదురింటి తలుపు ఏడడుగుల దూరంలో ఉంది. దగ్గు వినిపిస్తుంది. కుర్చీకి నాలుగు వైపులా పట్టుకునే చేతులు ఆ ఆదివారమే కనిపించాయి. నాలుగు నిమిషాలు ఎక్కువైనా సరే, చూసే మనిషి ఉండడం ముఖ్యం అని అబ్బాయే చివరికి అన్నాడు.

అలాగని అందరికీ సందు ఇల్లే మంచిదని నేను చెప్పను. డయాలిసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు పోయే మనిషి ఇంట్లో ఉంటే, రోజూ వీల్‌చైర్ వాడేవాళ్ళు ఉంటే, రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా వచ్చే ఆడపిల్ల ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు గేటు ముందు దిగడం సౌకర్యం కాదు, అవసరం. ఏ అసౌకర్యం డబ్బుతో తీరుతుంది, ఏది అలవాటుతో తీరుతుంది, ఏది రెండిటితోనూ తీరదు అని విడదీసుకోండి. మూడో రకం ఒక్కటి ఉన్నా ఆ ఇల్లు ఎంత చౌకైనా వద్దు.

కొనేవాళ్ళు అడ్వాన్సు ఇచ్చే ముందు చూసుకోవలసినవి, మేము చూసుకున్నవి చెబుతాను.

ఇంటిని పగలు ఒకసారి కాదు, శనివారం రాత్రి తొమ్మిదింటికి, పండగ ముందు రోజు, వాన పడేటప్పుడు పోయి చూడండి. అసలు పార్కింగ్ అప్పుడు తెలుస్తుంది.

క్రయపత్రంలో చెక్కుబందీ చదవండి. సందు "రోడ్డు" అని ఉందా, "ఉమ్మడి దారి" అని ఉందా, ఎన్ని అడుగులు అని రాసి ఉందా చూడండి. పత్రంలో ఎనిమిది ఉండి నేల మీద ఆరున్నర ఉంటే ముందే అడగండి. ఉమ్మడి దారిలో నడిచే హక్కు వేరు, బండి నిలిపే హక్కు వేరు. అమ్మేవాళ్ళు "స్కూటరు ఎప్పుడూ ఇక్కడే పెడతాం" అంటే, ఎదురింటివాళ్ళను కూడా ఒక మాట అడగండి. లైన్ల ఇళ్ళయితే పార్కింగ్ తరవాత, ముందు ఇల్లు ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి.

షెడ్డు మాట నోటితో కాదు, కాగితం మీద ఉండాలి. మన వైపు భోగ్యానికి ఇచ్చే అలవాటు ఉంది కదా, షెడ్డుకూ అడగవచ్చు. ఏడాది దాటిన లీజు అయితే రిజిస్టరు చేయించాలి. ఒకే షెడ్డును నమ్ముకోవద్దు. ఓనరు రేపు అక్కడ అంగడి కడతానంటే మీ కారు వీధిలో పడుతుంది.

కారు గురించే కాదు, నీళ్ళ ట్యాంకరు, గ్యాసు సిలిండరు, బీరువా, మంచం గురించి కూడా అడగండి. మన జిల్లాలో వేసవిలో ట్యాంకరు రాని ఇల్లు తక్కువ. ఆ సందుకు ట్యాంకరువాళ్ళు పొడుగు పైపు వేస్తారని కనుక్కున్నాకే మా ఆవిడ సరే అంది.

ఇంకొక మాట చెప్పడానికి బాగుండదు కానీ చెప్పాలి. ఆ సందులో పాడె తిరుగుతుందా అని మా అమ్మే అడిగింది. పక్కింటి పెద్దాయన "తిరుగుతుంది తల్లీ, మా నాయన పోయినప్పుడు తిరిగింది" అన్నాడు. ఆమె తలూపి టీ అడిగింది.

సంఘానికి ఒక మనవి. మనలో చాలామందికి మెయిన్ రోడ్ల మీద ఖాళీ షెడ్లు, మూసేసిన అంగళ్ళు, కాంపౌండులో చోటు ఉన్నాయి. సందుల్లో కార్లు ఉన్న సభ్యులు అంతకన్నా ఎక్కువ. రెండు జాబితాలు రాసి పక్కపక్కన పెడితే కొన్ని గొడవలు పుట్టకముందే ఆగుతాయి, ఒంటరి పెద్దవాళ్ళకు నెలకు కొంత అద్దె వస్తుంది. వచ్చే మీటింగులో దీని గురించి మాట్లాడదాం.

మా అగ్రిమెంటు వచ్చే వారం. ఒక షెడ్డు మాట్లాడుకున్నాం. గీతా రోడ్డు వైపు రెండోది ఎవరి దగ్గరైనా ఖాళీగా ఉంటే కింద రాయండి. నిచ్చెనలు, పాత సైకిళ్ళు ఉన్నా పరవాలేదు, సర్దుకుంటాం.