వినుకొండలో ఒక ఉదయము

గుంటూరునుండి నంద్యాల పోవు రైలుమార్గమున వినుకొండ యున్నది. మొన్నటి శివరాత్రి సెలవులలో మేమిరువురము మా అక్కగారిని చూచుటకై అచ్చటికి పోయితిమి. దారిపొడుగునను నల్లరేగడి చేలు. ఒకవైపున పత్తి తీసివేసిన మోళ్లు, వేరొకవైపున కల్లములలో నెండుచున్న మిరపకాయలు. ఆ ఘాటు రైలుపెట్టెలోనికే వచ్చి అందరిచేతను దగ్గించెను.

సీతాపహరణవార్తను శ్రీరాముడు విన్న కొండ గనుక ఇది వినుకొండ యైనదని స్థలపురాణము. కొండపై రామలింగేశ్వరస్వామి ఆలయమున్నది. 1895లో జాషువ కవి పుట్టినదియు ఈ యూరనే. గుడిలోనికి పోరాని పేదవాడొకడు గబ్బిలముచేత శివునకు తన మొర పంపుకొనుట ఆయన ‘గబ్బిలము’ కావ్యమునకు వస్తువు. కొండ దిగుచు దానిని తలచుకొంటిమి.

ఆ రాత్రి అక్కగారు అమెరికాలోని తమ కూతురు అల్లుని ముచ్చటలు చెప్పిరి. వారు ఇల్లువంటి బండి నొకదానిని అద్దెకు తీసికొని దేశము చూడబోయిరట. బండి యడుగున రెండు తొట్లుండును: ఒకటి మరుగుదొడ్డికి, ఒకటి వాడిన నీటికి. అవి నిండినపుడు, అందుకై యేర్పరచిన చోట, బండిలోనివారే ఖాళీ చేసికొనవలెను. మాసరేటరు అను చిన్న పంపును తగిలించి బ్యాటరీ కలిపినచో, దానిలోని కత్తులు మిక్సీలోవలె మలమును నలుగగొట్టి సన్నని గొట్టముగుండ గుంటలోనికి త్రోయును. మొదట మలపు తొట్టి, పిదప నీటితొట్టి విడుతురు. ఆ నీటితోనే గొట్టము శుభ్రపడును. గుడ్డపీలిక పడినచో మాత్రము కత్తులు చిక్కుకొని పంపు నిలిచిపోవును. తొడుగులు ధరించి ఈ పనియంతయు అల్లుడే చేసెనని అక్కగారు నవ్వుచు చెప్పిరి.

మరునాడుదయమున పెరటిలోని సెప్టిక్ ట్యాంకు పొంగినది. ఏడేండ్లుగా తీయింపలేదట! కబురు చేయగా పీపాలారీ వచ్చెను. పంపు పీపాలోని గాలిని లాగివేయగా, గొట్టముగుండ మురుగు పైకెక్కును. కొంతసేపు చక్కగా నెక్కి ఆగిపోయెను. అడుగున మడ్డి గట్టిపడినది. పాతగుడ్డలు గొట్టమున కడ్డుపడినవి. లారీతో వచ్చిన పిల్లవాడు, ఇరువదియేండ్లుండునేమో, చొక్కా విప్పి మూతికి తువ్వాలు కట్టుకొనెను.

“ఇంకొక అయిదువందలు ఇస్తాములే, దిగు బాబూ” అనిరి అక్కగారు.

“అక్కయ్యా, మన అల్లుడు తొడుగులు లేక ముట్టని దానిలో ఈ పిల్లవాడు మెడవరకు దిగవలెనా?” అని మేమంటిమి. అక్కగారి ముఖము చిన్నబోయెను. ఆమె కఠినురాలు కాదు. మూడేండ్ల క్రిందట మా యింట ఈ పని జరిగినపుడు, కంపు రాకుండ తలుపులు మూసికొని మేము లోపల కూర్చుంటిమి. ఎవరైన దిగిరో లేదో చూడలేదు.

ఆ గుంటలో ప్రాణవాయువు తక్కువ, విషవాయువుండును. మొదట కుళ్లిన గ్రుడ్ల వాసన కొట్టును. వాయువు మిక్కుటమైనచో ముక్కునకు ఆ వాసనయు తెలియదు. దిగినవాడు క్షణములో పడిపోవును, వానిని తీయబోయినవాడును పడును. రక్షణసాధనములు లేక మనిషిని ఇట్లు దింపుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. దింపించినవారికి రెండేండ్లవరకు చెరసాల, రెండులక్షలవరకు జరిమానా. ఇంటివారికిని తప్పదు. మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబములకు ముప్పదిలక్షలు చెల్లింపవలెనని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని ఆ సొమ్ము ఏ తల్లికి కొడుకగును?

పిల్లవాడు పైననే నిలిచెను. బిందెలతో నీరు పోసి, పొడుగాటి వెదురుగడతో మడ్డిని కలియబెట్టి, ఇనుపకొక్కెముతో గుడ్డలు లాగిరి. గంటసేపు పట్టినది; పంపు మరల పనిచేసెను. పోవునపుడు వాడు మంచినీళ్లడిగెను. అక్కగారు తాము త్రాగు గ్లాసుతోనే తెచ్చి వాని చేతికిచ్చిరి.

సోదరీమణులారా, రెండు మూడేండ్ల కొకమారు ట్యాంకు తీయించిన మడ్డి గట్టిపడదు. గుడ్డలు, ప్యాడ్లు అందులో వేయకున్న గొట్టము అడ్డుపడదు. గుడ్డను అక్కడి కత్తియు కోయలేదు, ఇక్కడి గొట్టమును మ్రింగలేదు. తీయించునాడు తలుపులు మూసికొనక దగ్గర నిలువుడు.

మేము మా యింటికి చేరినవెంటనే మొదట పోయి చూచినది పెరటిలోని ట్యాంకు మూతనే.