కేకే లైన్ ఫొటోలు మనం కూడా తియ్యాలి



పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఫొటోలు తీసే అలవాటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు తప్పకుండా చదవండి.

మాది దేవరాపల్లి మండలం, కొండ కింద గూడెం. మా మండలంలో రైలు పట్టా లేదు. రైలు చూడాలంటే బస్సు, ఆటో మారి కొత్తవలస పోవాలి. అయినా నాకు రైళ్ల ఫొటోలంటే పిచ్చి. మూడేళ్లుగా సెలవు దొరికితే చాలు, కొత్తవలసలో కిరండూల్ పాసింజర్ ఎక్కి ఏదో ఒక ఘాట్ స్టేషన్‌లో దిగుతాను. కెమెరా లేదు, ఫోనే. హాస్టల్‌లో మావోళ్లు "రైలు ఎక్కడైనా రైలే కదరా, ఏటి తీస్తావు అన్నిసార్లు?" అని అడుగుతుంటారు. వాళ్లకి చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ లైను సంగతి. కొత్తవలస–కిరండూల్ లైను ప్రయాణికుల కోసం వేసింది కాదు. బస్తర్‌లో బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం జపాన్ ఉక్కు కంపెనీలకి కావాల్సి వచ్చింది. 1960లో ఒప్పందం జరిగింది. బైలదిల్లా నుంచి ఏడాదికి 40 లక్షల టన్నులు పంపాలి. ఆ ఖనిజం విశాఖ రేవుకి చేరడానికి తూర్పు కనుమలు తొలిచి పట్టా వేశారు. దండకారణ్య–బొలాంగీర్–కిరిబురు అని పెద్ద ప్రాజెక్టు పేరు, పొట్టిగా డీబీకే రైల్వే. 1960ల చివరికి ఖనిజం బళ్లు దిగడం మొదలైంది. 1980ల మొదట్లో కరెంటు ఇంజన్లు వచ్చాయి. అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, 2017 ఏప్రిల్‌లో వచ్చింది. అంటే ఖనిజం దిగిన యాభై ఏళ్లకి టూరిస్టు అద్దాల్లోంచి మన కొండల్ని చూశాడు.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో అరకు రైలు అని వెతకండి. వచ్చేవన్నీ సొరంగాలు, మబ్బులు, అద్దాల పెట్టెలో సెల్ఫీలు. బొర్రా గుహలు స్టేషన్‌లో జామకాయలు, సీతాఫలాలు అమ్మే మన అమ్మలు కూడా ఉంటారు, కాకపోతే వాళ్ల పేరు గానీ, ఊరి పేరు గానీ ఉండదు. కింద "బ్యూటిఫుల్ అరకు" అని రాసి ఉంటుంది. ఫొటో బాగానే ఉంటుంది, తప్పు పట్టను. కానీ చూసినోడికి ఆ మనిషి ఎవరో తెలీదు. ఆ బొర్రా పంచాయతీ గనుల లీజుల మీద నడిచిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చిందనీ, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి ప్రభుత్వ భూమి కూడా లీజుకివ్వకూడదని చెప్పిందనీ తెలీదు. ఆ తీర్పు పుట్టిన ఊరి స్టేషన్ బోర్డు మనకి ఒక ఫొటోకి అర్హమైంది కాదా చెప్పండి.

నేను తీసేవి మూడు రకాలు.

ఒకటి, స్టేషన్ బోర్డులు. బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, కరకవలస, శిమిలిగుడ... గుడ, వలస, పల్లి అని మన ఊళ్ల పేర్లే పసుపు బోర్డు మీద నల్లక్షరాలతో ఉంటాయి. శిమిలిగుడ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. కాశ్మీర్ లైను రాకముందు బ్రాడ్‌గేజిలో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్ అని దానికి పేరు. అరకు దాటి ఒడిశాలోకి పోతే బోర్డు మీద ఒడియా లిపి వస్తుంది. చుట్టాలు అటూ ఇటూ ఉన్నోళ్లకి ఆ బోర్డు మారిన చోట ఎలగుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

రెండోది, ఖనిజం బళ్లు. ఎవరూ తీయరు గానీ ఈ లైనుకి అసలు బళ్లు అవే. నిండు బండి దిగువకి వస్తుంది, ఖాళీ బండి ఎక్కుతుంది. ఎర్ర దుమ్ము పెట్టెలకే కాదు, పట్టా పక్క రాళ్లకీ పడుతుంది. పొద్దున్న పొగమంచు విడిపోయాక, ఎండ ముదరక ముందు తీస్తే ఆ ఎరుపు ఫోన్‌లో కూడా బాగా వస్తుంది. మలుపు దగ్గర కిటికీలోంచి తీస్తే ముందు ఇంజను, వెనక పెట్టె రెండూ పడతాయి. తలుపు దగ్గర వేలాడొద్దు. ఈ లైనులో 58 సొరంగాలు ఉన్నాయి, గోడ ఎప్పుడు దగ్గరకొస్తుందో తెలీదు.

మూడోది, పట్టా దాటే మనుషులు. దీని దగ్గర కాస్త ఆగాలి. ఘాట్‌లో కొన్ని గూడేలకి ఇల్లు ఒక పక్క, పోడు ఒక పక్క, మధ్యలో పట్టా. కట్టెల మోపుతో, నీళ్ల బిందెతో, స్కూలు సంచితో దాటాల్సిందే. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం పర్మిషన్ లేకుండా పట్టా మీదికి పోతే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. టూరిస్టుకి అది చక్కని దృశ్యం, చట్టానికి నేరం, మనోళ్లకి రోజూ నడిచే దారి. కాబట్టి నేను పట్టా మీదికి దిగను, ప్లాట్‌ఫారం మీంచో, పైన రోడ్డు మీంచో తీస్తాను. మొహాలు కనబడేలా తీయాలంటే ముందు అడుగుతాను. ఒక పెద్దాయన నవ్వి, "తియ్ బావూ, రైలుకి తీసినప్పుడు మాకెందుకు తియ్యవు" అన్నాడు. ఒకామె వద్దంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఒక స్టేషన్‌లో పోలీసాయన ఆపి ఐడీ కార్డు అడిగాడు, చూపించాను, పంపేశాడు. మీరూ కార్డు దగ్గర పెట్టుకోండి, మాట పెంచుకోవద్దు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా రెండో లైను పనులు సాగుతున్నాయి. కొత్త వంతెనలు, కొత్త సొరంగాలు, కొత్త ప్లాట్‌ఫారాలు వస్తాయి. రావొద్దని నేననను, బళ్లు పెరిగితే మనకీ పనికొస్తుంది. కానీ పాత స్టేషన్ గది, రాతి గోడ, ప్లాట్‌ఫారం మీది చెట్టు, పట్టా దాటే కాలిబాట ఎక్కడుండేవో పదేళ్ల తర్వాత ఎవరు చెప్తారు? ఈ కాలిబాట ఎప్పట్నుంచో ఉందని ఊరోళ్లు చెప్తే ఆఫీసులో కాగితం అడుగుతారు. తేదీ, ఊరు పేరు రాసిన ఫొటో ఉంటే మాటకి కాస్తయినా బలం వస్తుంది.

మా దగ్గర సంగతే చూడండి. శారదా నది మీద రైవాడ జలాశయం మా మండలంలోనే ఉంది. ఆ నీళ్లు విశాఖ నగరానికి కూడా పోతాయి. కట్టక ముందు ఆ చోటు ఎలగుండేదో మా ఇంట్లో ఒక్క ఫొటో లేదు, మా గూడెంలో ఎవరింట్లోనూ లేదు. తాత చేత్తో చూపించి "అదిగో, అక్కడ" అంటాడు. అక్కడ నీళ్లే కనబడతాయి.

అందుకని ఒక పని చేద్దాం. అనంతగిరి, అరకు వైపు తమ్ముళ్లు మీ స్టేషన్ తీయండి. లైను లేని మాలాంటోళ్లం సెలవుల్లో వస్తాం. ప్రతి ఫొటో కింద స్టేషన్, గూడెం పేరు, తేదీ, మనిషి ఒప్పుకుంటేనే పేరు రాయాలి. ఫోన్ పోతే ఫొటోలూ పోతాయి, ఇంకో చోట కూడా దాచాలి. ఇంట్లో లైను పనికెళ్లిన తాతలుంటే కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేయండి. లైను వేసినప్పుడు ఇరవై ఏళ్లున్నోళ్లకి ఇప్పుడు ఎనభై దాటాయి. ఈ పని మాత్రం వాయిదా వేయొద్దు.

నా దగ్గరున్న బోర్డు ఫొటోలు ఈ వారం గ్రూపులో పెడతాను. త్యాడది చీకట్లో సరిగ్గా రాలేదు. ఆ పక్కనోళ్లు ఎవరైనా పగలు ఒకటి తీసి పెట్టండి.

జై ఆదివాసీ!