పలుకు మీద దించాడు

దోహాలో, అల్ సద్‌లో మా సందు చివర చిన్న ఇటాలియన్ హోటల్ ఉంది. మేం పెళ్లిరోజులకీ పుట్టినరోజులకీ వెళ్తుంటాం. మొన్న వెళ్లింది మాత్రం మా పై అంతస్తులో ఇంటిపని చేసే అక్క కోసం. వాళ్లది రాజోలు దగ్గర. పదకొండేళ్ల తర్వాత ఇక పూర్తిగా ఇంటికి వెళ్లిపోతోంది.

"ఏం తింటావక్కా, బిర్యానీనా?" అన్నాను.

"రోజూ రాత్రి చెత్త పడెయ్యడానికి దిగినప్పుడు ఆ అద్దాల్లోంచి చూస్తానమ్మా. అక్కడ కూచుని తినాలుంది."

ఇంటిపనివాళ్లకి వారానికో రోజు సెలవివ్వాలని ఇక్కడ 2017లోనే చట్టం వచ్చింది. నేను చెప్పేదాకా అక్కకి తెలీదు. అదైనా పోయినేడు చెప్పాను, మూడేళ్లు కిందే ఉండి!

స్పఘెట్టీ వచ్చింది. ఫోర్కు ఎలా తిప్పాలో చూపించబోయాను. తనే చకచకా చుట్టి నోట్లో పెట్టుకుని, "సరిగ్గా పలుకు మీద దించాడు. ఇంకో నిమిషం ఉంచితే ముద్దయిపోను" అంది. నేను నోరెళ్లబెట్టాను. పదకొండేళ్లుగా ఆ ఇంటి పిల్లలకి వండిపెట్టిన చెయ్యి మరి. వాళ్లందరూ లేచాక, మిగిలితే, గిన్నెలు తోమేముందు తినేదట.

"వేడిగా ఉంటే ఇలా ఉంటదన్నమాట" అని, ఇంకేం మాట్లాడకుండా ప్లేటు ఖాళీ చేసింది.

బిల్లు 140 రియాళ్లు. 2021 నుంచి ఇక్కడ కనీస జీతం నెలకి 1000; అందులో ఏడో వంతు. నా కార్డు పక్కకి నెట్టేసింది. "నా డబ్బులతో తిన్నానని మా అమ్మాయికి చెప్పుకోవాలమ్మా."

మిగిలిన రెండు బ్రెడ్డు ముక్కలు టిష్యూలో చుట్టి నా బ్యాగులో పెట్టింది, పొద్దున్న పిల్లలకి పెట్టమని.