పసుపు రాయని పెండ్లిపత్రిక

మా ఇంటికి పెండ్లిపత్రిక వస్తే ముందు దేవుని దగ్గర పెట్టి, తర్వాతే విప్పి చదువుతాం. నాలుగు మూలలా పసుపు ఉందా లేదా అని అత్తమ్మ చూస్తుంది. లేకుంటే "గిదేం పత్రికనే, పసుపు లేకుంట" అని పక్కన పెడుతుంది. మొన్న చలికాలంలో నాకొచ్చిన పత్రికకు పసుపు లేదు. ఫోన్‌లో వచ్చిన దానికి పసుపు ఎక్కడిది అనుకున్నాను.

అది మా పెద్దమ్మ కొడుకు నంబరు నుంచి వాట్సాప్‌లో వచ్చింది. అసలే లగ్గాల రోజులు. వాళ్లింట్లో పెండ్లీడు పిల్ల ఉంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోన్. నొక్కాను. ఇన్‌స్టాల్ చేయమంది, చేశాను. మెసేజ్‌లు చూడనిస్తావా అంది, సరే అన్నాను. బి.ఏ. తెలుగు చదివినదాన్ని. ఏ పత్రికైనా శ్రీరస్తు, శుభమస్తు అని మొదలవుతుంది కానీ, నీ మెసేజ్‌లు చదువుతానని మొదలవుతుందా? ఆ క్షణాన తోచలేదు. పత్రిక తెరుచుకోలేదు. ఈలోగా పప్పు అడుగంటింది. ఇక దాని సంగతే మరిచిపోయాను.

సాయంత్రం రైతుబజారులో చిక్కుడుకాయ తూకం వేయించుకొని ఫోన్‌తో పైసలు కట్టబోతే ఖాతా ఖాళీ. రెండు విడతల్లో 24,000 పోయాయి. చిట్టీ ఎత్తిన డబ్బు అది. నెలనెలా ఇంటిఖర్చులో మిగిల్చి కట్టుకున్నది, బిడ్డ కాలేజీ ఫీజుకని దాచింది. చిక్కుడుకాయ తిరిగిచ్చేసి ఇంటికి వచ్చాను.

ఆ రాత్రి ఎవరికీ చెప్పలేదు. అందరికీ అన్నం పెట్టాను, గిన్నెలు తోమాను, పడుకున్నాను. "చదువుకున్నదానివి, నీకా బుద్ధి లేనిది" అంటారని భయం. మా ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదు. నాకు నేనే తెల్లవార్లూ అనుకున్నాను.

పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే కరీంనగర్ నుంచి మా చెల్లె ఫోన్.

"అక్కా, రాత్రి నువ్వు పంపిన పెండ్లిపత్రిక ఎవలది? ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకుంటలేదు."

చీపురు చేతిలోంచి జారిపోయింది. నేను నోరు మూసుకుని పడుకున్న రాత్రంతా, నా పేరుతో, నా ఫొటోతో ఆ పత్రిక మా చుట్టాలందరికీ వెళ్తూనే ఉంది.

అప్పుడు అరిచాను. అత్తమ్మ, మా ఆయన పరుగెత్తుకొచ్చారు. చెల్లెతో ముందు నెట్ బంద్ చేయించాం. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించింది. దాని డబ్బు దక్కింది. చుట్టాలందరికీ మా ఆయన ఒక్కొక్కరికే ఫోన్ చేసి చెప్పారు. అత్తమ్మ నన్ను తిట్టలేదు. "ఇంట్ల దొంగ వడితె లబలబ మొత్తుకుంటం గని, సిగ్గయితుందని దుప్పటి కప్పుకొని పండుకుంటమా బిడ్డా" అంది, అంతే.

తర్వాత 1930కి ఫోన్ చేశాం. సైబర్ మోసాల్లో డబ్బు పోతే దేశమంతటా ఇదే నంబరు. మన రాష్ట్రంలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో చూస్తుంది. ఖాతా నంబరు, డబ్బు పోయిన సమయం, లావాదేవీ నంబరు అడిగి రాసుకున్నారు. అక్కడి నుంచి బ్యాంకులకు కబురు వెళ్తుంది. డబ్బు ఏ ఖాతాలో ఉంటే అక్కడ ఆపుతారు. దొంగలు దాన్ని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చి, ఏటీఎంలో తీసేసుకుంటారు. అందుకే మొదటి గంట బంగారం. నేను ఒక రాత్రి పోగొట్టాను. 24,000లో 6,000 మాత్రమే ఆగాయి. అవీ ఇంకా చేతికి రావాలి. మన దగ్గర లోక్ అదాలత్‌ల ద్వారా ఇలాంటి డబ్బు తిరిగి ఇప్పిస్తున్నారు. చూడాలి.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. రిజర్వు బ్యాంకు 2017లో ఒక నియమం పెట్టింది. మన పొరపాటు వల్ల డబ్బు పోయినా, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయేదానికి బాధ్యత బ్యాంకుదే. ఎంత తొందరగా చెబితే అంత మనకే మేలు.

ఆ పత్రిక అసలు పత్రికే కాదు, ఒక యాప్. పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది. ఫొటోకు, పీడీఎఫ్‌కు ఇన్‌స్టాల్ చేసే పని ఉండదు. ఒకసారి లోపలికి రానిస్తే మన ఓటీపీలు దొంగలకు చేరతాయి. వాటితోనే ఖాతా ఊడుస్తారు, మన వాట్సాప్‌నూ లాక్కుంటారు. ఇదే యాప్ ట్రాఫిక్ చలానా పేరుతోనూ, పీఎం కిసాన్ పేరుతోనూ తిరుగుతుంది. పొరపాటున నొక్కితే ముందు నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, 1930కి చెప్పాలి. ఫోన్‌ను పూర్తిగా రీసెట్ చేయించాకే మళ్లీ వాడాలి. నేను అట్లనే చేయించాను. బిడ్డ చిన్నప్పటి ఫొటోలు కొన్ని పోయాయి. డబ్బు కంటే వాటికే ఎక్కువ ఏడ్చాను.

ఇప్పుడు అత్తమ్మ మా ఇంటి పోలీసు. మొన్న ఎవడో ఆమెకు వీడియో కాల్ చేసి, నీ పేరు మీద కేసుంది, డిజిటల్ అరెస్టు చేస్తున్నాం, కదలొద్దన్నాడట. అట్లాంటి అరెస్టు మన చట్టంలోనే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరులో మన్ కీ బాత్‌లో చెప్పారు. అత్తమ్మకు అవేవీ తెలియదు. "సిద్దిపేట ఠాణా మా ఇంటికి దగ్గర్నే ఉంది, నేనే వస్త, ఆడ్నే ఉండు" అందట. వాడే పెట్టేశాడు.

ఫోన్‌లో పత్రిక వస్తే ఇప్పుడు పంపినవాళ్లకు నేనే ఫోన్ చేస్తున్నాను. "పిల్ల ఎవరు, పిల్లగాడు ఏం చేస్తడు, లగ్గం ఎక్కడ" అని అడుగుతాను. వాళ్లు మురిసిపోయి అరగంట మాట్లాడతారు. ఈ మధ్య ఒక పత్రికకైతే, "ఇంత మంచిగ అడిగినవ్, నీకు ఇంటికొచ్చి బొట్టు పెట్టి చెప్తా" అని మా మేనత్త బస్సెక్కి వచ్చింది. ఆ పత్రికకు నాలుగు మూలలా పసుపుంది.