కత్తిపిడి

మా యింట పితామహులనాటి కత్తి యొకటి గలదు. జానెడు అలుగు, చుక్కలదుప్పి కొమ్ముతో చేసిన పిడి. చూచినవారెల్ల దానిని వేటకత్తి యనుచుండిరి. మే మెఱిగినంతవఱకు అది కొబ్బరికాయ పీచునే గాని మఱొకదానిని వేటాడి యెఱుగదు. అయినను ఏటేట విజయదశమినాడు పసుపు కుంకుమలు పెట్టి దానికి నమస్కరించుచుంటిమి. గడచిన దసరాకు పెట్టెనుండి తీయగా, పిడి నిలువున బ్రద్దలై చేతిలోనికి వచ్చినది.

మేము ఉప్పలు నివాసులము. నాచారము పారిశ్రామికవాడలో కోరిన తీరున కత్తులు చేసియిచ్చు పనివా డొకడు గలడని విని, ఒక ఆదివారమునాడు దానిని గుడ్డలో చుట్టుకొని పోయితిమి. రేకుల షెడ్డులో కొలిమి యొద్దనున్న యువకుడు మమ్ము చూచి లేచి నిలువబడి, "నమస్తే సారూ, నన్ను గుర్తువట్టిండ్రా?" యనెను.

గుర్తుపట్టితిమి, పట్టకున్న బాగుండెడిదనియు అనుకొంటిమి. పదునైదేండ్ల క్రిందట ఇతడు మా తొమ్మిదవ తరగతి విద్యార్థి, కమ్మరి యింటి పిల్లవాడు. నోటుపుస్తకము వెనుక కత్తుల బొమ్మలు గీయుచుండగా పట్టుకొని, నలువదిమంది యెదుట, "కొలిమి ముందు కూర్చుండువానికి కాళిదాసెందుకు?" అని పరిహసించితిమి. తరగతి యెల్ల నవ్వినది. ఆ సంవత్సరము ముగియకమునుపే అతడు బడి మానెను.

చదువరులారా, ఆ నెలలోనే మేము ఆంగ్లపాఠముగా మైకేల్ ఫారడే జీవితమును బోధించుచుంటిమి. ఆ మహనీయుడు కమ్మరి కుమారుడని బల్లమీద వ్రాసినది మా చేయియే! 1819లో అతడు పరీక్షించిన హిందూదేశపు లోహమునకు వూట్జ్ అని పేరు. అది మన దక్షిణదేశపు ఉక్కు శబ్దమునుండి వచ్చినదని పలువురి యభిప్రాయము. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున కమ్మరులు మూసలలో పెట్టి తీసిన యుక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారు. ఈ సంగతులు చదివి గర్వించిన మేమే, ఆ విద్య గలవారి బిడ్డను చూచి నవ్వితిమి.

అతడు పాతమాట యెత్తలేదు. కుర్చీ తుడిచి వేసి, తన పని చూపెను. లారీల పాత కమానుపట్టాలను కోసి, సానపట్టి, అలుగు తీరు తెచ్చును. అయస్కాంతమునకు అంటనంతవఱకును, మఱికొంతయు కాచి నూనెలో ముంచును. అప్పుడది ఆకురాయికి లొంగనంత గట్టిపడును గాని గాజువలె పెళుసై యుండును. కనుక మరల 200 డిగ్రీల వేడిమిలో రెండుమారులు, రెండేసి గంటలుంచి ఆ పెళుసుతనమును తగ్గించును. "గట్టిగ జేసుడు అల్క సారూ, ఇరగకుంట జేసుడే కష్టం" అనెను. మేము తలవంచుకొంటిమి.

పిడికి మరల దుప్పికొమ్మే వేయుమంటిమి. "అది నేను ముట్ట సారూ" అనెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము పుట్టినదనియు, 1991 సవరణతో వేట దాదాపు పూర్తిగా నిషిద్ధమైనదనియు మే మెఱుగుదుము. అయినను పండితులము గదా, వాదమునకు దిగితిమి: "దుప్పి యేటేట కొమ్ములు తానే రాల్చును. రాలినదానిని ఏరుటలో హింస యేమున్నది?"

అతడు చిఱునవ్వుతో, "మొదలు జూస్తె తెలుస్తది సారూ, రాలిందా కోసిందా అని. పలకలు కోసినంక ఎవలు జెప్తరు? నేనొక్కటి కొంటె, అమ్మెటోడు రాలేదాక ఆగుతడా?" యనెను.

మాకు మాట తోచలేదు. మా ఉప్పలు దారిలోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఎముక ముక్కను పరీక్షించి అది యే జంతువుదో చెప్పగలరు. ఆ జంతువు చంపబడెనో, కొమ్ము రాల్చి తనదారిన పోయెనో ఆ పలక చెప్పజాలదు. మా తర్కము విడువబడిన చోటినుండి అతని వివేకము మొదలైనది.

నల్లతుమ్మ చెక్కతో పిడి వేసెను. బండిచక్రములకును నాగళ్లకును తరతరములుగా నమ్మిన కఱ్ఱ యది. రెండు పలకలను అలుగుతోకకు ఇరువైపుల అతికించి, ఇత్తడి చీలలు దిగగొట్టి, మా గుప్పిటకు సరిపోవువఱకు నునుపుచేసెను. పాత కొమ్ముముక్కలను అతని సలహాపై అటవీశాఖవారి కప్పగించితిమి.

వెల యడుగగా, "సారు దగ్గర పైసలేంది?" అనెను. మేము వినలేదు. పనికి విలువ కట్టకపోవుట కూడ నొకవిధమైన చిన్నచూపే గదా. రూపాయలు అతని చేతిలో నుంచి, "నాయనా, ఆనాడు మేమన్నమాట తప్పు" అంటిమి. అతడు చాలసేపు సాన వైపే చూచి, "యాదికున్నది సారూ" అని మాత్రమనెను. క్షమించితి ననలేదు. అనవలెనని కోరు హక్కు మాకు లేదు.

ఆ కత్తి ఇప్పుడు పెట్టెలో లేదు; వంటయింట నున్నది. మా తరగతిలో నోటుపుస్తకము వెనుక బొమ్మలు గీయు పిల్లలు ఈ యేడును గలరు. ఇప్పుడు మేము ఆ పుటను మొదట చూచి, పిదప పాఠము చెప్పుచున్నాము.