మావాడి పంట కాలువ

మా మనవడు కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇంకా ఎంతసేపురా?" వాళ్ళమ్మ వంటింట్లోంచి అడుగుతుంది, వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి ఫోన్ చేసి అడుగుతాడు. అడగాల్సిందే. అయితే టైము లెక్కపెట్టే ముందు, పక్కన కుర్చీ వేసుకుని ఆ పిల్లవాడు ఏం ఆడుతున్నాడో ఒక పూట చూడమని నాలాంటి తాతలందరికీ, నానమ్మలకీ అమ్మమ్మలకీ చెప్పాలని ఉంది. రెండు ఆటలకు ఒకే గంట పట్టొచ్చు. ఆ గంటలో పిల్లవాడికి జరిగేది మాత్రం ఒకటి కాదు.

మావాడికి పదేళ్ళు. వాడి ప్రాణమంతా మైన్‌క్రాఫ్ట్ మీదే. స్వీడన్‌లో పుట్టి, 2011లో పూర్తి రూపంలో విడుదలైన ఆట అది. 2014లో మైక్రోసాఫ్ట్ దాన్ని తయారుచేసిన కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొనేసింది. అందులో లోకమంతా గడులే. మట్టి ఒక గడి, రాయి ఒక గడి, నీళ్ళు ఒక గడి. తవ్వుకోవాలి, పేర్చుకోవాలి. ఫలానాది చెయ్యమని చెప్పేవాళ్ళు ఉండరు.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా గోదావరి పశ్చిమ డెల్టాలో, కాలువ గట్ల మీదే గడిచింది. కాబట్టి మావాడు ఆ ఆటలో పొలానికి కాలువ తవ్వుతుంటే నేను కదలకుండా కూర్చుండిపోయాను. ఆ లోకంలో నీటికొక కట్టుబాటు ఉంది. ఒక గడిలో బకెట్టెడు నీళ్ళు పోస్తే, చదునైన నేల మీద అవి ఏడు గడుల దూరం పారి ఆగిపోతాయి. వాడి మడి ఇంకా అవతల ఉంది. కాలువ వెడల్పు చేసి చూశాడు, అందలేదు. లోతు చేసి చూశాడు, నీళ్ళు అడుగున ఉండిపోయాయి. నేను నోరు మెదపలేదు. చివరికి మొత్తం పూడ్చేసి, ఏడో గడి దగ్గరే నేలను ఒక మెట్టు కిందికి దించాడు. నీళ్ళు మెట్టు దిగి, అక్కణ్ణుంచి మళ్ళీ ఏడు గడులు పారాయి. వాడు కుర్చీలోంచి లేచి అరిచాడు. నాకూ అరవాలనిపించింది.

కాలువల మీద ఇలాంటి మెట్లను, అంటే డ్రాపులను, మేం కట్టేది వేరే అవసరానికి. వాలు మరీ ఎక్కువైన చోట నీటి ఉరవడికి గట్లు కోసుకుపోకుండా కడతాం. అయినా వాలు లేనిదే నీరు నడవదన్న సంగతి ఒకటే. దాన్ని మేం లెవెలింగు పరికరంతో, పుస్తకాలతో నేర్చుకున్నాం. వాడు మధ్యాహ్నం అన్నానికి పిలిచేలోపు సొంతంగా కనిపెట్టుకున్నాడు.

తర్వాత మడి సంగతి. నీళ్ళ గడికి ఎటు చూసినా నాలుగు గడుల మేరే నేల తడుస్తుందట. మధ్యలో ఒక్క నీళ్ళ గడి పెట్టి నిలువూ అడ్డం తొమ్మిదేసి గడుల మడి వేస్తే ఎనభై గడుల గోధుమ పండుతుందని నోటి లెక్క వేసి చెప్పాడు. "నువ్వాడు తాతయ్యా" అని మౌస్ నా చేతికిచ్చాడు. నాకు మనిషిని నడపడం రాక, పొలంలో దూకించాను. "తాతయ్యా, మళ్ళో గెంతకు, నేల పాడైపోతుంది!" అన్నాడు. హైదరాబాదులో ఏడో అంతస్తులో పుట్టి పెరిగిన పిల్లవాడి నోట రైతు ఇంటి మాట విన్నాను. కాలువ చివర ఉన్నవాళ్ళకు నీళ్ళు అందకపోతే మీరేం చేసేవాళ్ళని ఆ రోజే మొదటిసారి నన్నడిగాడు. శివారు రైతుల గురించి, వంతులు వేసి నీళ్ళు వదలడం గురించి రాత్రి పడుకునేదాకా చెప్పాను. నా ఉద్యోగం గురించి మా ఇంట్లో ఇంకెవరూ అన్ని ప్రశ్నలు వెయ్యలేదు.

ఇదే పిల్లవాడు ఫోన్ చేతిలోకి తీసుకుంటే నాకు భయం. ఫోన్‌లో ఆడే ఆట ఉచితం. రోజూ తెరిస్తే ఏదో బహుమతి ఇస్తుంది, ఒక్కరోజు మానేస్తే వరస తెగిందంటుంది. పెట్టె ఒకటి చూపిస్తుంది. దాంట్లో ఏముందో తెరిస్తే గాని తెలియదు, తెరవాలంటే వజ్రాలు కావాలి, వజ్రాలు కావాలంటే రూపాయలు కట్టాలి. రూపాయిని ముందే వజ్రంగా మార్చేస్తే ఎంత పోయిందో పెద్దవాళ్ళకే తట్టదు, పిల్లలకేం తడుతుంది? ఆ ఆట ఆడేటప్పుడు మావాడు ప్రశ్నలు వెయ్యడు. పిలిస్తే పలకడు. ఫోన్ తీసుకుంటే ఏడుస్తాడు.

మా పెద్దవాళ్ళకు ఈ తేడా బాగా తెలుసు. అరుగు మీద గీసిన అష్టాచెమ్మా గళ్ళ చుట్టూ ఎండాకాలమంతా పిల్లాపెద్దా కూర్చునేవాళ్ళం. ఎవరూ ఏమీ అనేవారు కాదు. అవే గవ్వలతో ఎవరైనా డబ్బు పెట్టి ఆడుతుంటే మాత్రం ఆ ఛాయలకు పోనిచ్చేవారు కాదు. పేకాటలో పొలాలు పోగొట్టుకున్న ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవి. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు అడ్డుకట్ట వేస్తూ చట్టం తెచ్చింది. మంచి పని. కానీ పిల్లల ఆటల్లోని ఈ పెట్టెల్లో గెలిచినా చేతికి డబ్బు రాదు, చొక్కా రంగో తుపాకీ రంగో వస్తుంది. అందుకే మన దగ్గర వీటిని జూదంగా పెద్దగా ఎవరూ చూడరు. బెల్జియం మాత్రం 2018లోనే ఇలాంటి పెట్టెలను జూదం కింద లెక్కకట్టింది. నేనూ ఆ లెక్కే వేస్తాను. మా ఇంట్లో ఆ ఆటకు డబ్బు కట్టడం లేదు, కట్టనివ్వను.

అలాగని తుపాకుల ఆటలన్నీ చెడ్డవని, ఆడే పిల్లలంతా చెడిపోతారని నేననను. మా అపార్టుమెంటులో ఇంటర్ చదివే కుర్రాళ్ళు బీజీఎంఐ ఆడతారు. దాని ముందు రూపం పబ్‌జీని 2020లో నిషేధించారు. 2021లో ఈ పేరుతో వచ్చింది, 2022లో పోయింది, 2023లో తిరిగొచ్చింది. నూరు మంది దిగే ఆటలో నలుగురు ఒక జట్టు. మధ్యలో ఆపడానికి వీల్లేదు, ఒకడు లేచిపోతే మిగతా ముగ్గురూ దెబ్బతింటారు. ఈ సంగతి తెలియక మనం ఫోన్ లాక్కుంటాం, వాడు స్నేహితుల ముందు తలెత్తుకోలేక మనమీద విరుచుకుపడతాడు. "ఈ మ్యాచ్ అయ్యాక లే" అంటే లేస్తాడు, నేను చూశాను. మైన్‌క్రాఫ్ట్‌లో ఒంటరిగా ఆడుతుంటే ఎక్కడాపినా కట్టింది అక్కడే ఉంటుంది. అందుకే మావాణ్ణి భోజనానికి పిలిస్తే వెంటనే రమ్మంటాను, వస్తాడు.

ఆట నిజంగానే జబ్బుగా మారే పిల్లలున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి వచ్చిన జబ్బుల జాబితాలో దాన్నీ చేర్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ ఆట తర్వాతే కావడం, నష్టం కళ్ళకు కనబడుతున్నా ఆపలేకపోవడం. మామూలుగా ఏడాది పాటు ఇలా సాగితే జబ్బంటారు. అలాంటప్పుడు తాతయ్య కుర్చీ చాలదు, డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. ఎక్కువమంది పిల్లల సంగతి అది కాదు. సాయంత్రం ఆడుకోవడానికి వాళ్ళకు వీధి లేదు. సెల్లార్లో బంతి కొడితే కారుకు తగులుతుందని వాచ్‌మన్ కేకలేస్తాడు. క్లాసులో విడిపోయిన స్నేహితులు మళ్ళీ కలిసేది ఆ హెడ్‌సెట్‌లోనే. ఆ ఒక్క చోటూ మూసేస్తే వాళ్ళెక్కడికి పోతారో మనమే చెప్పాలి.

ఈ మధ్య మావాణ్ణి గోదావరి గట్టున ఉన్న విజ్జేశ్వరం తీసుకెళ్ళి లాకులు చూపించాను. రెండు తలుపుల మధ్య పడవను ఆపి, నీళ్ళు నింపి, పడవను పై మట్టానికి ఎలా ఎక్కిస్తారో గట్టు మీద కూర్చుని చెప్పాను. ఇంటికి రాగానే కంప్యూటర్లో అదే కట్టడానికి కూర్చున్నాడు. తలుపులు కుదిరాయి. మీట నొక్కితే తెరుచుకుంటున్నాయి కూడా. చిక్కల్లా ఏమిటంటే, ఆ లోకంలో తలుపుల మధ్య తొట్టిలో నీటిమట్టం అంగుళం అంగుళం పెరగదు, గడి అయితే నిండుతుంది, లేకపోతే లేదు. పడవ కిందే ఉండిపోయింది. తొట్టిని మెట్లు మెట్లుగా కట్టి ఒక్కో గడీ నింపుకుంటూ పోదామని నేనంటాను. వాడు అలా కుదరదంటాడు. నిన్న రాత్రి వాళ్ళమ్మ వచ్చి ఇద్దరినీ పడుకోమని కసిరేదాకా తేలలేదు.