ఇంటివారికే ముందు తెలియును

కృష్ణా డెల్టాలో వరిచేని గట్టుకు ఎండ్రకాయ చేసిన బొరియను ఏ రైతును ఉపేక్షింపడు. ఉదయమున వేలు పట్టునంత రంధ్రము సాయంత్రమునకు గండి కాగలదని అతడెరుగును. కాని తన ఇంటిలోనే ఒకనికి తెల్లవారగనే చేతులు వణకుట చూచినప్పుడు, "చలిగాలి తగిలియుండును" అని ఆ రైతే సరిపెట్టుకొనును. మద్యమునకును, ఇతర మత్తుపదార్థములకును మనుష్యుడు లొంగిపోవుటలో చిత్రమిదియే. గుర్తులు కనబడకపోవుటచేత గాక, కనబడినవానికి వేరొక పేరు పెట్టుటచేత సంవత్సరములు గడచిపోవుచున్నవి.

విజయవాడ ఆటోనగరులో లారీలు బాగుచేయు ఒక పనివానిని ఊహింపుడు. మొదట జీతము చేతికి వచ్చిన దినమున మాత్రమే స్నేహితులతో త్రాగెడివాడు. కొంతకాలమునకు ఆ కొలత చాలకపోయెను. రెండు గ్లాసులతో ఆపవలెనని కూర్చుండియు సీసా ముగియువరకు లేవలేడు. నిద్ర లేచినది మొదలు ధ్యాస అంతయు దానిమీదనే. త్రాగనిచో చెమట, వణకు, నిద్రలేమి. త్రాగినచో అవి తగ్గును గనుక మందువలె త్రాగుచుండును. దసరాలకు ఇంద్రకీలాద్రి ఎక్కుట, కుమార్తె బడిలో జరుగు ఆటలపోటీలు చూడబోవుట ఒక్కొక్కటిగా మానివేసెను. కాలేయము చెడినదని వైద్యుడు చెప్పినను ఆపలేకపోయెను.

ఇవి ఆరు లక్షణములు. ఒక సంవత్సర కాలములో వీనిలో మూడైనను కలసి కనబడినచో అది వ్యాధియే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగముల పట్టిక పదవ కూర్పులో పేర్కొనినది. ఆ లక్షణములలో దుర్మార్గము, పౌరుషహీనత అనునవి లేకపోవుట గమనింపదగినది.

ఇక ఇంటివారు చేయునదేమి? పని చేయించువానికి జ్వరమని కబురు పంపుదురు. నగలు తాకట్టుపెట్టి అప్పులు తీర్చుదురు. పిల్లలు స్నేహితులను ఇంటికి పిలుచుట మానుదురు. "నేను అల్లరి చేయుటవలననే నాన్న త్రాగుచున్నాడు" అని కుమిలిపోవు పసివారును కలరు. అది ఎంతమాత్రము నిజము కాదు. తండ్రి రోగమునకు బిడ్డ కారణము గాదు. దానిని నయము చేయు భారమును బిడ్డది కాదు.

పెద్దలకే ఈ ఆపద అని తలపరాదు. జిగురు, వైట్‌నర్ వంటివాని ఆవిరిని పీల్చు అలవాటు మన దేశమున పెద్దలలోకంటె పిల్లలలోనే అధికమని 2019లో వెలువడిన జాతీయ నివేదిక తెలిపినది. బట్టలకు ఘాటైన వాసన, ఎఱ్ఱబారిన కన్నులు, పాతమిత్రులను విడచి రహస్యముగా తిరుగుట, ఇంటిలో డబ్బు మాయమగుట, చదువున హఠాత్తుగా వెనుకబడుట అట్టి బాలునియందు కనబడవచ్చును. అయితే వీనిలో ఒకదానిని చూచి నింద మోపుట తగదు. దిగులుతోనున్న పిల్లవాడును చదువులో వెనుకబడును. అడుగవలసిన తీరున అడిగినచో ఆ దిగులైనను బయటపడును.

దాచుట మానినచో ఏమగునో నెల్లూరు జిల్లా దూబగుంటలో కనబడినది. 1990 దశకము తొలినాళ్లలో అక్కడి స్త్రీలు రాత్రివేళ అక్షరములు దిద్దుటకు కూడెడివారు. ఎవరికి వారు తమ గడపలోనే యున్నదనుకొనిన దుఃఖము ప్రతి గడపలోను ఉన్నదని ఆ తరగతులలో తెలిసికొనిరి. రోశమ్మ మొదలగువారు సారా దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము జిల్లాలు దాటెను. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఇది గొప్ప పోరాటమే. కాని దుకాణము మూసినను తెరచినను, ఇదివరకే రోగియైనవానికి కావలసినది చికిత్స.

ఇచ్చట ఒక ప్రమాదమును చెప్పక తప్పదు. చిరకాలము అధికముగా త్రాగినవాడు దుర్గమ్మ సన్నిధిలో ఒట్టుపెట్టుకొని ఒక్కపెట్టున మానినచో, రెండు మూడు దినములలో మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును. ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఆ సంకల్పము మంచిదే, కాని వైద్యుని కనిపెట్టులోనే అది సాగవలెను. వణకును అణచుటకు మందులున్నవి, థయమిన్ అను విటమినును ఇత్తురు. పిమ్మట నెలల తరబడి మాటలతో ధైర్యము చెప్పు సలహాదారులు కావలెను. మధ్యలో ఒకమారు జారినంత మాత్రమున చికిత్స వ్యర్థమైనదని విడువరాదు. మధుమేహరోగికి చక్కెర పెరిగినచో వైద్యము మానుదురా? అయినను మద్యమునకు లోబడినవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో యొక చికిత్స అందుచున్నదని పై నివేదికయే తెలిపినది.

మొదట నమ్మకమైన ఒక పెద్దకు, అనగా పిన్నికో, మామయ్యకో, పంతులుగారికో చెప్పవచ్చును. మత్తు మాన్పించుటకై 14446, మనోవేదనకు 14416 అను ప్రభుత్వ ఉచిత ఫోను సంఖ్యలున్నవి. పెద్ద ప్రభుత్వాసుపత్రులలో మానసిక వైద్య విభాగములున్నవి. అచ్చట మొదటి దినమున వైద్యుడు దినమునకు ఎంత త్రాగునో, కడపటిసారి ఎప్పుడు త్రాగెనో, ఎన్నడైన మూర్ఛ వచ్చెనో అడుగును. రోగి తల వంచుకొని "కొంచెమేనండీ" అనును. ప్రక్కన నిలిచిన భార్యయో, కుమార్తెయో ఉన్నదున్నట్లు చెప్పును. వైద్యుడు దానినే వ్రాసికొనును.